గరుడ పిల్లకు పెట్టిన తెలుపు

అమ్మలూ, నాన్నా, మనవలు మీ ఇద్దరికీ కలిపే చెబుతున్నాను. నా బీరువా అడుగు అరలో, పాత నేతచీర ముక్కలో చుట్టిన గాజు పలక ఒకటి ఉంది. అరచేతికంటే కాస్త పెద్దది. తమలపాకుల కట్టంత బరువు కూడా ఉండదు. ఇల్లు మారిన ప్రతిసారీ దాన్ని సామాన్ల బండి ఎక్కనివ్వలేదు. ఒళ్ళో పెట్టుకుని తెచ్చుకున్నాను. మీ తాతగారు ఒకసారి అదేమిటని అడిగితే మా నాన్నగారి గుర్తు అన్నాను. ఆయన మళ్ళీ అడగలేదు. పలక తేలికే. దాన్ని కింద పెట్టడమే ఇన్నేళ్ళుగా నాకు చేతకాలేదు.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, అమ్మలూ, మొన్న నువ్వు మంగళూరు రేవులో తీసి పంపిన ఫోటో వల్ల. పడవ కొయ్య మీద కూర్చున్న మట్టిరంగు పక్షి. "మామ్మా, అందరూ మామూలు గద్దే అంటున్నారు, నీకేమైనా తెలుసా?" అని అడిగావు. తెలుసు. చూడగానే తెలిసింది. ఫోను బోర్లించి కళ్ళు మూసుకున్నాను. నీకు జవాబు చెప్పాలంటే, దానికి ముందు ఇంకొకరికి చెప్పవలసిన జవాబు ఒకటి బాకీ ఉంది. ఆయన లేరు. మీరున్నారు.

రాజోలులో మా నాన్నగారికి ఫోటో స్టూడియో ఉండేది. స్వరాజ్యం వచ్చిన కొత్త రోజులు. నేను ఓణీలు వేసుకుంటున్న వయసు. ఆ గది ఇప్పటికీ నాకు కలలోకి వస్తుంది. పైకప్పులో ఒకవైపు పెంకులకు బదులు గాజు బిళ్ళలు. మబ్బు కదిలితే గదిలో వెలుగు కూడా కదిలేది. గోడకు పెద్ద పరదా, దాని మీద ఎవరూ ఎక్కని మేడమెట్లు, ఎప్పుడూ వాడని పూలు. వెనక చీకటిగదిలో ఎర్రదీపం. మందునీళ్ళ పళ్ళెంలో తెల్లకాగితం వేస్తే, ముందు ఏమీ ఉండదు. తర్వాత కళ్ళు వస్తాయి. ముఖాల్లో అన్నిటికంటే ముందు కళ్ళే వస్తాయి. నీళ్ళ అడుగు నుంచి ఎవరో మనల్ని చూస్తున్నట్టు ఉండేది.

ఆ రోజుల్లో ఫోటో గాజు ప్లేటు మీద పడేది. ప్లేటులో లోకమంతా తిరగబడి ఉంటుంది. తెల్లపంచె నల్లగా, నల్లజుట్టు గాజులా తేటగా. ప్లేటు మీద మెత్తటి పెన్సిల్‌తో నల్లగా రుద్దినచోట, కాగితం మీద తెల్లగా వస్తుంది. దాన్ని టచింగ్ అనేవాళ్ళం. మచ్చలు పోగొట్టడానికి, ముడతలు తీయడానికి. కానీ నిజంగా చేసే పని వేరే. పిల్లల్ని ఎత్తుకొచ్చిన ప్రతి తల్లీ గుమ్మం దిగేముందు వెనక్కి తిరిగి అనేది: "ఏవండీ, మా పిల్ల కాస్త తెల్లగా వచ్చేలా చూడండీ." అడగకపోయినా చేసేవాళ్ళం. అది స్టూడియో మర్యాద. నేనూ నల్లపిల్లనే. నాన్నగారు తీసిన ఏ ఫోటోలోనూ నేను నా రంగులో లేను.

నాన్నగారి కళ్ళకు శుక్లాలు రావడం మొదలయ్యాక టచింగ్ పని నా చేతికి వచ్చింది. బయటికి తెలియదు. ఆయన చేత్తో దిద్దుతారనే జనం వచ్చేవాళ్ళు. కొబ్బరితోట వైపు కిటికీ దగ్గర చిన్న బల్ల, అద్దంతో కింద నుంచి వెలుగు. అక్కడ కూర్చుని ముఖాలు తెల్లబరిచేదాన్ని. నా చెయ్యి పడిన జాడ ఎవరికీ దొరికేది కాదు. దానికి లోలోపల ఎంత పొంగిపోయేదాన్నో! ఎవరూ మెచ్చుకోని పని కదా, నన్ను నేనే మెచ్చుకునేదాన్ని.

హైస్కూలు సైన్సు మేష్టారికి గద్దల పిచ్చి. గద్దలు, డేగలు, సముద్రం వైపు నుంచి వచ్చే తెల్లపొట్ట పెద్దగద్ద, ఏదైనా సరే. ఎప్పుడూ తల పైకెత్తి నడిచేవారు. రాయి తగిలి తూలితే రాయికే "క్షమించాలండీ" అంటారని కుర్రాళ్ళు వేళాకోళం చేసేవాళ్ళు. సెలవు వస్తే నాన్నగారి పాత కెమెరా అడిగి పట్టుకెళ్ళేవారు. ప్లేటంతా ఆకాశం, మధ్యలో ఈగంత చుక్క. అదే ఆయనకు అపురూపం. చుక్క చూసి పేరు చెప్పేవారు.

నేను కిటికీ దగ్గర ఏం చేస్తున్నానో కనిపెట్టిన బయటివాళ్ళు ఆయనొక్కరే. ఎవరితోనూ అనలేదు. నాతోనూ అనలేదు. కాగితాలు ఆరేదాకా అక్కడ నిలబడి, కిటికీలోంచి పక్షుల్ని చూపించి చెప్పేవారు. "రంగు చూడకమ్మా. రంగు వయసుతో మారిపోద్ది. తోక చూడు. గద్ద తోక మధ్యలో చీలుద్ది, చేపతోకలాగ. గరుడ తోక విసనకర్రలాగ గుండ్రంగా ఉంటది." రెండు అరచేతులూ విప్పి తోక చేసి చూపించేవారు. ఆ చేతులు నాకు బాగా గుర్తు. సుద్దముక్క పొడి గోళ్ళలో ఉండేది.

గరుడ పక్షంటే మీకు తెలుసు కదా. తెల్లని తల, తెల్లని రొమ్ము, ఇటుకరంగు రెక్కలు. నెత్తి మీదుగా వెళితే మావైపు అందరం చెప్పులు విడిచి దణ్ణం పెట్టేవాళ్ళం. మామూలు గద్ద కనిపిస్తే మాత్రం రాయి తీసేవాళ్ళం, కోడిపిల్లల్ని ఎత్తుకుపోతుందని. ఒకదానికి దణ్ణం, ఇంకోదానికి రాయి. అయితే గరుడ పిల్ల పుట్టినప్పుడు తెల్లగా ఉండదు. గద్దలాగే ఒళ్ళంతా మట్టిరంగు. పెద్దయ్యాకే ఆ తెలుపు వస్తుంది. ఈ సంగతి మా చుట్టుపక్కల మేష్టారికి తప్ప ఎవరికీ తెలియదు.

ఏటి అవతల లంకలో మామిడితోట ఉన్న మునసబు గారొకరు ఉండేవారు. మంచి మనిషి. అందుకే ఇదంతా జరిగింది. ఆయన మామిడి మీద ఏటేటా గరుడ పక్షులు గూడు కట్టేవి. ఆ ఏడు ఆ గూట్లో రెండు మట్టిరంగు పక్షులు కనిపించాయి. దొంగ గద్దలు వచ్చి గరుడ పిల్లల్ని తోసేసి గూడు ఆక్రమించాయని ఆయనకు కోపం వచ్చింది. గద్దల్ని దింపించేస్తే గరుడకు మేలు చేసినవాడినవుతానని అనుకున్నారు. పుణ్యమనే అనుకున్నారు. మేష్టారు పరుగున వెళ్ళి అవి గరుడ పిల్లలేనని చెప్పారు. నమ్మలేదు. అయితే ఫోటో తీసి చూపిస్తాను, తెల్లతల తల్లి ఆ మట్టిరంగు పిల్లకు మేత పెడుతుండగా తీస్తాను, అప్పుడైనా వదిలేస్తారా అన్నారు. మునసబు గారు నవ్వి, సరే, మాటంటే మాటే అన్నారు.

మామిడి పక్కన రెండు కొబ్బరిచెట్ల మధ్య మంచె కట్టించుకుని, కొబ్బరాకులు కప్పుకుని, మేష్టారు ఎన్ని పొద్దులు కూర్చున్నారో నాకు తెలియదు. బడి గంటకు పరుగెత్తుకొచ్చేవారట, తలలో కొబ్బరిపీచుతో. చివరికి ఒకరోజు పొద్దున్నే వచ్చి, నాన్నగారి చేతిలో ప్లేటు పెట్టి, నవ్వి, బడికి వెళ్ళిపోయారు.

నాన్నగారు కడిగి ఆరబెట్టి, "మేష్టారి గరుడ పిల్లమ్మా" అని మిగతా ప్లేట్లతోపాటు నా బల్ల మీద పెట్టారు. మునసబు గారితో పందెం సంగతి నాకు అప్పటికి తెలియదు. తెలియదన్నది నిజం. దాని వెనక దాక్కోను.

ప్లేటు వెలుగుకు పట్టుకున్నాను. ఎంత అందంగా ఉందో చెప్పలేను. గాజులో తల్లి తల కాటుకలా నల్లగా, ముక్కులో చేప, వంగి ఉంది. ఎదురుగా పిల్ల, నోరు తెరుచుకుని. తేటగా, నీళ్ళలా ఉంది పిల్ల. అంటే కాగితం మీద నల్లగా వస్తుంది. అయ్యో, తల్లి అంత తెల్లగా ఉంటే పిల్ల ఇంత నల్లగానా అనిపించింది. అప్పటికే నా చేతిలో పెన్సిల్ ఉంది. కిటికీ దగ్గర ఆయన చెప్పిన మాట నాకెందుకు గుర్తు రాలేదు? వచ్చిందేమో. వచ్చినా, ఎందరో నల్లపిల్లల్ని తెల్లబరిచిన చెయ్యి ఆగలేదేమో. తలా, రొమ్మూ దిద్దాను. ఈక ఈకకూ దిద్దాను. అంత ప్రేమగా ఏ మనిషి ముఖాన్నీ దిద్దలేదు. మేష్టారు మురిసిపోతారనుకున్నాను.

ఆదివారం ఇద్దరూ స్టూడియోకి వచ్చారు. ఫోటో అక్కడే, అందరి ముందూ చూద్దామన్నారట మునసబు గారు. నేను చీకటిగది గుమ్మానికున్న పరదా వెనక ఉన్నాను. మేష్టారు సంతోషంగా అంటున్నారు.

"తల్లి తెల్లతల గరుడేనండి. పిల్ల మట్టిరంగుదండి. ఫోటోలో అలాగే ఉంటే మీరు చెట్టు జోలికి వెళ్ళరు కదండీ?"

"ఆయ్, వెళ్ళనండి. గరుడ గూట్లో గద్దలు కాపరం పెడితే చూస్తా ఊరుకోలేక గానీ, నాకేం సరదానా? చూపించండి మరి."

కవరు చించిన చప్పుడు. తర్వాత మునసబు గారి గొంతు.

"అబ్బో! ఎంత ముద్దొస్తందండీ పిల్ల! అచ్చం తల్లి పోలికే. తల చూడండి, వెన్నముద్ద."

అప్పుడు నాకు ఏమనిపించిందో చెప్పాలి. ఇది చెప్పకపోతే మిగతాదంతా చెప్పీ లాభం లేదు. నాకు గర్వమనిపించింది. పరదా వెనక నిలబడి నవ్వుకున్నాను.

కాగితం చేతులు మారిన చప్పుడు. మునసబు గారే పెద్దగా నవ్వారు. "ఏవండీ మేష్టారూ, మరి మట్టిరంగు పిల్ల ఏదండీ? గరుడ పిల్ల తెల్లగానే ఉంటదని మీ ఫోటోయే చెప్తంది కదా. అయితే ఇది ఏ చెట్టు గూడో గానీ, నా చెట్టు మీదున్నవి గద్దలే. అస్తమానూ ఆకాశం చూసి చూసి మీ కళ్ళు పోయేయండీ!"

అప్పుడు అర్థమైంది నాకు. ఒక్కసారిగా కాదు. పళ్ళెంలో బొమ్మ తేలినట్టు, మెల్లగా. ముందు కళ్ళు, తర్వాత ముఖం.

మేష్టారు పరదా పక్కకు వచ్చారు. మునసబు గారు నాన్నగారితో ఏదో చెప్పి నవ్వుతున్నారు. మేష్టారు ఫోటో నా ముందు పట్టుకుని, గొంతు బాగా తగ్గించి, నాకొక్కదానికే వినబడేలా అడిగారు.

"దీని మీద నువ్వేవైనా చెయ్యి పెట్టేవా అమ్మా?"

"లేదండి."

"పెట్టినా పర్లేదమ్మా. చెప్పు."

"లేదండి మేష్టారూ. ఉన్నది ఉన్నట్టే వచ్చిందండి."

ఆయన నా ముఖం చూశారు. ఫోటో చూశారు. "సరేనమ్మా," అన్నారు. "అయితే నా కళ్ళే..."

ఇన్నేళ్ళూ నాకు నేను చెప్పుకున్నదేమిటంటే, నాన్నగారి కోసం అబద్ధమాడానని. ఆయన చూపు పోతోందని, దిద్దేది ఆడపిల్లని తెలిస్తే స్టూడియోకి ఎవరు వస్తారని. మంచి కారణమే. వింటే ఎవరైనా అయ్యో పాపం అంటారు. కానీ ఆయన గొంతు తగ్గించి అడిగారు కదా? నా రహస్యాన్ని నాకంటే జాగ్రత్తగా పట్టుకుని అడిగారు కదా? అవునని తల ఊపితే చాలు, నాన్నగారి పేరు రాకుండా ఏదో ఒక దారి ఆయనే చూసుకునేవారు. అది నాకు ఆ క్షణానే తెలుసు. మరి ఎందుకు ఊపలేదు? జాడ దొరకని చెయ్యి నాది. దొరికిపోవడం ఇష్టం లేక. ఎంత వెతికినా అంతకంటే పెద్ద కారణం నాకు దొరకలేదు. పెద్ద కారణం ఉంటే బాగుండేది.

గూడు ఆ మర్నాడే దింపించేశారు. పిల్లలింకా సరిగ్గా ఎగరలేవు. అంతకంటే చెప్పలేను.

కొన్నాళ్ళకు మునసబు గారు కబురు పెట్టారు. తోటలో ఇంటిల్లిపాదికీ ఫోటో తీయాలని. నాన్నగారికి తోడుగా నేనూ వెళ్ళాను. పడవ దిగేసరికి ఏటి మీద పొగమంచు ఇంకా విడలేదు. కొబ్బరిచెట్లకు కాళ్ళు లేనట్టు, గాలిలో నిలబడ్డట్టు ఉన్నాయి. మంచులోంచి చంటిపిల్ల ఏడుపు వినిపించింది. సాగదీసి, సన్నగా. ఎవరి పిల్లో అనుకున్నాను. దగ్గరికి వెళ్ళాక చూస్తే పైన రెండు గరుడ పక్షులు. ఖాళీ మామిడి చుట్టూ తిరుగుతున్నాయి. తిరుగుతూ ఏడుస్తున్నాయి. వాటి అరుపు అలాగే ఉంటుంది, అమ్మలూ, పసిపిల్ల గొంతులా.

మునసబు గారు పట్టుబట్టలతో చెట్టు కింద నిలబడి, కళ్ళనీళ్ళతో, చేతులు జోడించి నాన్నగారితో అంటున్నారు: "చూసేరాండీ? గద్దల పీడ వదిలించిన కాడినించీ రోజూ ఇంతేనండి. ప్రదక్షిణాలు చేస్తన్నాయి. అవి కూడా పడేలా తీయండి ఫోటో."

ఇంటిల్లిపాదీ దణ్ణం పెట్టారు. నాన్నగారు కనబడని కళ్ళతో పైకి చూసి దణ్ణం పెట్టారు. నేనూ పెట్టాను. అందరూ పెడుతుంటే పెట్టకుండా ఎలా ఉంటాను?

కెమెరా కాళ్ళు నిలబెట్టడానికి వంగినప్పుడు ఎండుటాకుల మధ్య ఒక ఈకల కుచ్చు కనిపించింది. మట్టిరంగు తోక. విప్పి చూశాను. చీలిక లేదు. విసనకర్రలా గుండ్రంగా ఉంది. మేష్టారి రెండు అరచేతుల్లా ఉంది.

ఇంటికొచ్చి, దూదిని టర్పెంటైనులో ముంచి, ప్లేటు మీద నేను దిద్దినదంతా తుడిచేశాను. అంత సులువు. పెన్సిల్ కదా, నాలుగు తుడుపులకు పోయింది. మట్టిరంగు పిల్ల మళ్ళీ వచ్చింది, నోరు తెరుచుకుని. ఆ ఆదివారం అందరి ముందూ చేయగలిగి ఉన్న పని. చేసి ఉంటే చెట్టు మీద గూడు ఉండేది. ఇప్పుడు గాజు మీద నిజం ఉంది, చెట్టు మీద ఏమీ లేదు.

ఆ ప్లేటు నుంచి మళ్ళీ తీసిన ఫోటో కాగితం తీసుకెళ్ళి మేష్టారికి ఇవ్వవచ్చు. చేతిలో పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళాను కూడా. ఇస్తే ఏమవుతుంది? పిల్లలు తిరిగి రావు, తన కళ్ళు తప్పు చూడలేదని ఆయనకు తెలుస్తుంది, అంతే కదా అనుకున్నాను. అంతే కదా! ఆ "అంతే" ఎంత పెద్దదో తెలియక కాదు. తెలిసే వెనక్కి వచ్చాను. ఆయన కాకినాడ వెళ్ళి కొత్త కళ్ళజోడు వేయించుకున్నారు. కెమెరా మళ్ళీ అడగలేదు. నేల చూసి నడవడం మొదలుపెట్టారు. రాళ్ళు తగలడం మానేశాయి. కుర్రాళ్ళు వేళాకోళం కూడా మానేశారు. మరుసటి ఏడు వేరే ఊరు బదిలీ అయింది.

ఆయన్ని ఇంకొక్కసారి చూశాను. నా పెళ్ళయి, మీ నాన్న నా ఒడిలో పసివాడు. సఖినేటిపల్లి రేవులో పడవ ఎక్కాం. మేష్టారు అవతలి చివర బల్ల మీద కూర్చుని ఉన్నారు. జుట్టు నెరిసింది. నన్ను గుర్తుపట్టలేదు. ఏటి నడుమకు వచ్చేసరికి నెత్తి మీదుగా ఒక పక్షి వెళ్ళింది. పడవలో వాళ్ళందరూ "గరుడ, గరుడ" అంటూ చేతులు జోడించారు. పడవవాడు కూడా గెడ వదిలేశాడు. ఆయనొక్కరే తల ఎత్తలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నీళ్ళకేసి చూస్తున్నారు. పక్షి నీడ ఆ నీళ్ళ మీద ఆయన ముందు నుంచే వెళ్ళింది. ఆయన దాన్ని చూశారో లేదో తెలియదు. నేను లేచి నాలుగడుగులు వేస్తే చాలు. పిల్లాడు ఏడుస్తున్నాడని సర్దుకుని కూర్చున్నాను. వాడు ఏడవడం లేదు. నిద్రపోతున్నాడు.

అవతలి ఒడ్డు వచ్చింది. ఎవరి దారిన వాళ్ళం వెళ్ళిపోయాం.

మీరు "పోనీలే మామ్మా, చిన్నపిల్లవి కదా" అంటారని తెలుసు. అనకండి. తెల్లబరచడం నాకొచ్చినంత బాగా ఎవరికీ రాదు. దీన్ని మాత్రం దాని రంగులోనే ఉండనివ్వండి. పొద్దున గాజు పలక చీరముక్కలోంచి తీసి కిటికీలో నిలబెట్టాను. ఎండ దాని గుండా గచ్చు మీద పడింది. పిల్ల నోరు ఇంకా తెరుచుకునే ఉంది. అక్కడే ఉండనిచ్చాను. మళ్ళీ చుట్టి లోపల పెట్టలేదు.

అమ్మలూ, నీ ఫోటోలో తోక పెద్దది చేసి చూడు. చీలిక ఉండదు. అది గరుడ పిల్ల. ఇంకా రంగు రాలేదు, అంతే. ఎవరు కాదన్నా మాట మార్చకు.

ఇక ఆయన గొంతు తగ్గించి అడిగినదానికి.

ఆయ్. పెట్టేనండి మేష్టారూ. నేనే చెయ్యి పెట్టేను. మీ కళ్ళు తప్పు చూడలేదండి.